బాకీ ఉన్న పాత్ర: ఫాంటసీ సీరియల్‌లో ఎవరు మిగులుతారో ముందే రాసిపెట్టుకునే పద్ధతి

మా లంకలో వరద వస్తుందా అని ఎవరూ అడగరు. భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందని అడుగుతారు. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు దిగి ధవళేశ్వరం చేరాక 11.75, 13.75, 17.75 అడుగుల లెక్క మొదలవుతుంది. అమ్మ రేడియోలో ఆ అంకెలు వింటూనే ఏ బస్తా ఎక్కడికి ఎక్కించాలో, గేదెను ఎప్పుడు గట్టు మీదికి తోలాలో చెప్పేస్తుంది. ఎగువన ఏముందో తెలిసినవాళ్లు దిగువన ఏమవుతుందో చెప్పగలరు. కథల్లోనూ అంతే. గేమ్ ఆఫ్ థ్రోన్స్ లాంటి సీరియల్‌లో ఎవరు పోతారు, ఎవరు మిగులుతారు అన్నది నేను ఇలాగే లెక్క కడతాను. పదేళ్లుగా కడుతున్నాను.

నాది గౌతమి పాయ పక్కన చిన్న కిరాణా కొట్టు. ఈ పద్ధతి పుట్టింది అక్కడి అరువు పుస్తకంలోంచే. ఇందులో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ముగింపు దాకా అన్నీ చెప్పేస్తాను. చూడనివాళ్లు ముందు చూసి రండి, ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు.

ముందు ఒక పొడుగాటి అరువు పుస్తకం కొనండి. విడి కాగితాలు వద్దు, ఫోనులో రాసుకోవడం అసలే వద్దు. ఫోనులో రాసినదాన్ని తర్వాత మనకు అనుకూలంగా దిద్దుకుంటాం. పాత్రకు ఒక పేజీ ఇవ్వండి. ఎడమవైపు బాకీ, కుడివైపు జమ. ప్రతి పద్దుకూ తేదీ, సీజను, ఎపిసోడు నంబరు తప్పకుండా వేయండి.

ఇక్కడ బాకీ అంటే డబ్బు కాదు. ఇచ్చిన మాట, చేసిన ద్రోహం, దాచిన రహస్యం, అడిగి జవాబు రాని ప్రశ్న, ఇవన్నీ బాకీలే. ఆ సీరియల్‌లోనే లానిస్టర్ల గురించి ఒక నానుడి ఉంది, వాళ్లు అప్పు ఉంచుకోరని. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఈ కథ నాకు అర్థమయ్యే భాషలోనే నడుస్తోందని అనిపించింది.

ఒక ఉదాహరణ నిదానంగా చూద్దాం. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్‌లో నెడ్ స్టార్క్, అతని అక్రమ సంతానమని అందరూ అనుకునే జాన్ స్నో దారి చీలే చోట గుర్రాల మీద విడిపోతారు. తన తల్లి గురించి జాన్ అడుగుతాడు. మళ్లీ కలిసినప్పుడు మీ అమ్మ గురించి మాట్లాడుకుందాం, మాట ఇస్తున్నాను అంటాడు నెడ్. అంతకుముందే, నీకు నా ఇంటిపేరు లేకపోయినా నా రక్తం ఉంది అంటాడు. ఆ రెండు వాక్యాలనూ చాలాసార్లు వెనక్కి తిప్పి విన్నాను. రక్తం అన్నాడు కానీ కొడుకు అనలేదు. అది ఒక పద్దు. మాట ఇచ్చాడు, అది రెండో పద్దు. ఆ ఇద్దరూ మళ్లీ కలవనే లేదు. అదే సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో నెడ్ తల నరికేశారు.

2015 జూన్‌లో అయిదో సీజన్ చివర జాన్‌ను అతని మనుషులే పొడిచి చంపారు. మా చెల్లెలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ పాత్ర వేసిన కిట్ హారింగ్టన్ ఇక తిరిగి రానని చెప్పాడు, అతని జుట్టు మాత్రం ఇంకా పొడుగ్గానే ఉందని ప్రపంచమంతా ఫోటోలు చూసి వాదించుకుంది. నేను జుట్టు చూడలేదు, పేజీ చూశాను. తల్లి పద్దు తీరలేదు. "తిరిగి వస్తాడు. కారణం: సీజన్ 1, ఎపిసోడ్ 2" అని రాసి తేదీ వేశాను. 2016 మే నెలలో లేచాడు. జూన్‌లో ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో గతాన్ని చూడగలిగే బ్రాన్ స్టార్క్ కంటికి ఒక పురిటిగది కనిపించింది, జాన్ తల్లి నెడ్ చెల్లెలు లియానా స్టార్క్ అని తేలింది. నెడ్ ఇచ్చిన మాటను నెడ్ కొడుకు తీర్చాడు.

రెండో మెట్టు ఇక్కడే ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. బాకీ ఉన్న మనిషి చావడని అనుకుంటారు. నెడ్ బాకీతోనే పోయాడు కదా. మా కొట్టులో తండ్రి పోతే పుస్తకంలో పేజీ చింపను, కొడుకు పేరు మీదికి తెస్తాను. కథకుడూ అంతే చేస్తాడు. కాబట్టి ప్రతి పేజీ అడుగున "వారసులు" అని ఒక గీత గీయండి. ఈ పాత్ర పోతే ఈ బాకీ ఎవరు మోయగలరు? ఒక్కరైనా ఉంటే ఆ పాత్రకు రక్షణ లేదు. తను తప్ప ఇంకెవరూ తీర్చలేని బాకీ ఉన్నవాళ్లకే ఆయుష్షు. జాన్ పుట్టుక సంగతి బ్రాన్‌కు తెలిసినా, అది చేరవలసిన మనిషి జానే. అందుకే అతను లేవాలి.

ఋణదాత ఎలాంటివాడో కూడా చూడండి. నెడ్ పెద్ద కొడుకు రాబ్ స్టార్క్ నది దాటడానికి ఆ వంతెన యజమాని వాల్డర్ ఫ్రేకు మాట ఇచ్చాడు, ఆయన కూతుళ్లలో ఒకరిని చేసుకుంటానని. రెండో సీజన్ చివర టలీసాను పెళ్లాడాడు. తప్పిన మాట పెద్దదా చిన్నదా అన్నది ఎంత చూడాలో, ఫ్రే క్షమించేవాడా అన్నదీ అంతే చూడాలి. మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో పెళ్లివిందులోనే రాబ్‌ను చంపించి లెక్క తేల్చేశాడు. ఆ విందు అప్పు రాబ్ చెల్లెలు ఆర్యా పేరు మీదికి వచ్చింది, తను ఆరో సీజన్ చివర, ఏడో సీజన్ మొదట వడ్డీతో వసూలు చేసింది. ఓబెరిన్ మార్టెల్ సంగతి వేరు. నాలుగో సీజన్‌లో, తన అక్కను చంపిన గ్రెగర్ క్లెగేన్‌ను నేలకూల్చాడు. అసలు వసూలైనట్టే. కానీ చంపమన్నది ఎవరో నోటితో ఒప్పుకోవాలని పట్టుబట్టాడు. వడ్డీ కోసం నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. చేతికందిన బాకీని వదిలి ఒప్పుకోలు కోసం ఆగే పాత్ర ఎక్కడ కనిపించినా నేను ఎర్ర సిరాతో చుక్క పెడతాను.

హెచ్చరికలు కూడా మూడు అంచెలుగా రాసుకోండి, ధవళేశ్వరం దగ్గర లాగే.

పాత్ర రాబోయే సుఖం గురించి మాట్లాడితే మొదటి హెచ్చరిక. గుహలోంచి ఎప్పటికీ బయటికి వెళ్లవద్దని జాన్‌తో అన్న అతని ప్రియురాలు ఇగ్రిట్ బతకలేదు. ఎనిమిదో సీజన్ రెండో ఎపిసోడ్‌లో యుద్ధం అయ్యాక నాథ్ దీవికి వెళ్దామని ప్రేమికులు గ్రే వర్మ్, మిసాండే అనుకున్నారు. నాలుగో ఎపిసోడ్‌లో మిసాండే పోయింది. చివరికి అతను ఒక్కడే ఓడ ఎక్కాడు. ఈ హెచ్చరిక ఒక్కదాన్నే నమ్మి తీర్పు రాయకండి. 11.75 అడుగులు వచ్చిన ప్రతిసారీ మా గుమ్మంలోకి నీళ్లు రావు. అదే రెండో ఎపిసోడ్‌లో బ్రియెన్‌కు నైట్ బిరుదు ఇచ్చినప్పుడు, ఆమె కల నెరవేరింది కనుక తెల్లవారే లోపు పోతుందని రాశాను. ఆమె బతికింది, చివరిదాకా ఉంది.

పాత్ర చేతిలోని పని మరొకరి చేతికి అందితే రెండో హెచ్చరిక. జాన్ పైఅధికారి జియోర్ మార్మాంట్ తన వంశపు కత్తిని మొదటి సీజన్‌లోనే జాన్‌కు ఇచ్చేశాడు, మూడో సీజన్‌లో పోయాడు.

ఎడమవైపు పద్దులన్నీ కొట్టేయడం మూడోది. అంటే 17.75. అప్పుడిక సామాను సర్దుకోవడమే. థియాన్ పేజీ మీకు చూపించాలని ఉంది. రెండో సీజన్‌లో తను పెరిగిన స్టార్క్‌ల కోటనే పట్టుకున్నాడు, బ్రాన్‌ను, చిన్న తమ్ముణ్ని ఇల్లు వదిలి పారిపోయేలా చేశాడు. ఆ పేజీ ఎడమవైపు నిండిపోయింది, అడుగున కాగితం అతికించి రాశాను. తర్వాత రామ్సీ అనే క్రూరుడి చేతిలో పడ్డ హింసను చాలామంది జమ కింద రాస్తారు. అలా రాయకండి. బాధ పడటం బాకీ తీర్చడం కాదు. బ్రాన్‌కు ఇవ్వవలసింది బ్రాన్‌కే ఇవ్వాలి. బ్రాన్ అక్క సాన్సాను కోట గోడ మీదినుంచి దూకించి తప్పించినప్పుడు కొంత జమ పడింది. ఎనిమిదో సీజన్‌లో, నీ దగ్గర ఈ కోట లాక్కున్నాను, ఇప్పుడు నిన్ను కాపాడనివ్వు అని బ్రాన్‌ను అడిగాడు. మూడో ఎపిసోడ్‌లో చెట్టు కింద బాణాలు అయిపోయాయి, చుట్టూ చనిపోయినవాళ్లు నిలబడి ఉన్నారు. బ్రాన్ అతన్ని చూసి నువ్వు మంచివాడివి అన్నాడు, ధన్యవాదాలు చెప్పాడు. ఆ మాట పూర్తయ్యేలోపే నా పెన్ను పేజీ మీద ఉంది. ఆ సోమవారం ఉదయం షట్టర్ సగం ఎత్తి చూస్తున్నాను, అమెరికాలో ఆదివారం రాత్రి తొమ్మిదంటే మనకు ఆరున్నర. పాల ప్యాకెట్ల కోసం వచ్చిన పిల్లవాడు, ఏడుస్తున్నారేమండీ అన్నాడు. పేజీకి అడ్డంగా "చెల్లు" అని రాసి, వాడికి పాలు ఇచ్చి పంపాను.

జోస్యాల దగ్గర జాగ్రత్త. మా పెదనాన్నగారు తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేశారు. సబ్‌టైటిళ్లు చదవలేక ఇబ్బంది పడతారు కనుక ప్రతి ఎపిసోడ్ ఆయనకు నేను నోటితో చెబుతాను. జోస్యం రాగానే ఆయన అడిగేది ఒకటే: "సరిగ్గా ఏ మాట అన్నారమ్మా?" భీష్ముడికి తను కోరుకున్నప్పుడే మరణం అన్నారు, అంతేకానీ ఓడించలేరని అనలేదు. కర్ణుడు కుంతికి ఇచ్చిన మాటలో అయిదుగురు మిగులుతారన్న లెక్క ఉంది, ఏ అయిదుగురన్నది లేదు. కాబట్టి జోస్యాన్ని సారాంశంగా రాయకండి, అన్న మాటను అన్నట్టే రాయండి. మూడో సీజన్‌లో మెలిసాండ్రే అనే పూజారిణి ఆర్యాతో గోధుమ కళ్లు, నీలి కళ్లు, పచ్చ కళ్లు నీ చేతిలో శాశ్వతంగా మూతపడతాయి అంది. నీలి కళ్లు అంటే ఎవరో అని అందరూ మనుషుల్లో వెతికారు. పెదనాన్నగారు మాత్రం, ఆ సీరియల్‌లో అందరికంటే నీలం కళ్లు ఎవరివమ్మా అని అడిగారు. చచ్చినవాళ్ల సేనను నడిపే నైట్ కింగ్‌వి. 2019 ఏప్రిల్‌లో ఆర్యా కత్తి అక్కడే దిగింది. ఆ పద్దులో మార్కు ఆయనదే.

నా పెద్ద తప్పు కూడా జోస్యం దగ్గరే జరిగింది, మీరు చేయకుండా ఉండాలని చెబుతున్నాను. లానిస్టర్ల ఆడపడుచు, రాణి సెర్సీకి చిన్నప్పుడు మంత్రగత్తె చెప్పిన జోస్యం సీరియల్‌కు మూలమైన జార్జ్ మార్టిన్ పుస్తకంలోనూ ఉంది, సీరియల్‌లోనూ ఉంది. పుస్తకంలో చివర ఒక మాట అదనంగా ఉంది, తమ్ముడి చేతులు ఆమె గొంతు చుట్టూ బిగుసుకుంటాయని. దాన్ని పట్టుకుని ఆమె సోదరుడు జేమీయే సెర్సీని చంపుతాడని మూడో హెచ్చరిక స్థాయిలో రాశాను. కవల అయినా ఆమె తర్వాత పుట్టినవాడు కదా. కానీ అయిదో సీజన్ మొదట్లో సీరియల్ ఆ జోస్యాన్ని చూపించినప్పుడు ఆ మాట వదిలేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని రాళ్ల కింద పోయారు. ఒక కొట్టు బాకీని ఇంకో కొట్టు పుస్తకంలో రాశాను నేను. జార్జ్ మార్టిన్ పుస్తకాలకు ఒక ఖాతా, టీవీకి ఒక ఖాతా విడిగా పెట్టండి. టీవీ వదిలేసిన మాట కూడా సమాచారమే. ఆ దారి మూసేశారని అర్థం.

శవం కనబడకపోతే బతికే ఉన్నారని ఒక నమ్మకం ఉంది. దానికి నేను పెద్ద విలువ ఇవ్వను. శాండర్ క్లెగేన్ నాలుగో సీజన్ చివర కొండ కింద వదిలేయబడి ఆరో సీజన్‌లో తిరిగి వచ్చాడు, నిజమే. సిరియో ఫోరెల్ చావునూ చూపించలేదు, కానీ అతను రాలేదు. స్టానిస్ మీద పడిన చివరి దెబ్బనూ చూపించలేదు, అతనూ రాలేదు. శవం కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ లోకంలో చచ్చినవాళ్లు లేవగలరని కథ ముందే చూపించిందా? మూడో సీజన్‌లో బెరిక్ డొండారియన్‌ను చంపడమూ చూశాం, థోరోస్ అనే పూజారి ప్రార్థనతో లేవడమూ చూశాం. అప్పుడే ఆ తలుపు తెరుచుకుంది. మూడేళ్ల తర్వాత జాన్ కోసం దాన్ని వాడారు. పుస్తకం మొదటి పేజీలో "ఈ లోకపు నియమాలు" అని శీర్షిక పెట్టి ఇలాంటివి రాసుకోండి.

ఇక చాలామంది పట్టించుకోని లెక్క, మిగిలిన ఎపిసోడ్లు. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు. ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరు. ఎనిమిదో సీజన్ మొదలయ్యేనాటికి నా పుస్తకంలో 21 పేజీలు తెరిచి ఉన్నాయి. ఆరు ఎపిసోడ్లలో అన్ని బాకీలు నిదానంగా తీరవు. కొట్టు మూసేసి ఊరు వదిలి వెళ్లేవాడు ఎంత వస్తే అంత తీసుకుని మిగతాది కొట్టేస్తాడు. ఆ సంగతి ముందే గ్రహించి ఉంటే ఇంకా మూడు నాలుగు సరిగ్గా రాసేదాన్ని. తీరని బాకీలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. జేమీ ఎన్నో ఏళ్లు నడిచి వచ్చిన దారిని ఒక్క ఎపిసోడ్‌లో వెనక్కి తిప్పేశారు. ఆ పేజీ మీద నేను చెల్లు వేయలేదు.

పెదనాన్నగారు దీనికి మన రాజమహేంద్రవరం సంగతి చెబుతారు. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలారు. తిక్కన ఆ ముక్కను తాకకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా నడిపారు. మిగిలిన అరణ్యపర్వాన్ని ఎర్రన పూరించారు, అదీ తన పేరు ముందుకు తేకుండా, నన్నయ రాసినట్టుగానే రాజరాజ నరేంద్రుడికి అంకితంగా. నన్నయ ఆగిన పద్యం దగ్గర నిలబడి, ఆయన ఎటు వెళ్లేవారో విని ఎర్రన అడుగు వేశారని ఆయన అంటారు. ఈ సీరియల్‌లోనూ అలాంటి గీత ఒకటి ఉంది. మార్టిన్ అయిదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. ఆరో సీజన్ నుంచి చాలా భాగం పుస్తకం లేని దారి. మీ ఖాతాలో ఆ చోట ఒక అడ్డగీత గీయండి. గీతకు ముందు బాకీలు రాసినవాడి చేతివి, తర్వాతివి పూరించినవాళ్లవి. బ్రాన్‌ను మోసుకు తిరిగే హోడార్ కథ లాంటివి మాత్రం గీతకు అవతల ఉన్నా మార్టిన్ నోటినుంచి వచ్చినవే, ఆ పేరు వెనుక తలుపు పట్టుకోమన్న కేక ఉందని నిర్మాతలకు ఆయనే చెప్పారు.

చివరి గడిలో "చావు" లేదా "బతుకు" అని మాత్రమే రాసి ఊరుకోకండి. ఎక్కడ, దేనితో అని కూడా రాయండి. బతకడం బహుమానమే కానక్కరలేదు, అశ్వత్థామనూ బతకనిచ్చారు. జాన్ బతికాడు, కానీ మళ్లీ ఉత్తరాన మంచుగోడకు పంపారు. ఆర్యా విషయంలో నా పుస్తకంలో "పడమర, ఓడ" అని ఉంది. ఆరో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఈ కథ జరిగే వెస్టెరోస్‌కు పడమర ఏముందని తను అడిగింది, ఎవరికీ తెలియదని తనే అంది. ఆ ప్రశ్న నిద్రపోలేదు. చివరి ఎపిసోడ్‌లో తెరచాప మీద తోడేలు గుర్తుతో పడమరకు బయల్దేరింది. పదేళ్లలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పద్దు అది.

మార్కులు వేసేటప్పుడు రెండు గడులు పెట్టండి. ఫలితానికి ఒకటి, కారణానికి ఒకటి. ఎనిమిదో సీజన్‌లో నా 21లో 12 ఫలితాలు కుదిరాయి. వాటిలో నేను రాసిన కారణంతోనే జరిగినవి ఏడు. నాకు ఆ ఏడే లెక్క.

ఇదే లోకంలో అంతకుముందు కాలపు కథ చెప్పే హౌస్ ఆఫ్ ది డ్రాగన్ చూసేవాళ్లకు పద్ధతి కొంచెం మార్చాలి. దాని ఆధారం 2018లో వచ్చిన ఒక కల్పిత వంశచరిత్ర. ఎవరు ఎప్పుడు పోయారో అందులో చాలావరకు ఉంది. కానీ ఆ చరిత్ర ఒకరి నోటిది కాదు. ఒక మతగురువు ఒకలా, రాజసభలోని విదూషకుడు ఇంకోలా చెబుతారు. కాబట్టి "ఏమవుతుంది" కంటే "ఎవరు చెప్పింది నిజం" అన్న గడి పెట్టండి. లేనార్ వెలారియన్ హత్యకు గురయ్యాడని పుస్తకం చెబుతుంది. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో పొయ్యిలో ముఖం కాలిన శవం దొరికింది, లేనార్ మాత్రం గుండు చేయించుకుని పడవెక్కాడు. చరిత్రకారులు పొరపడ్డారు, అంతే. ఇలా సాక్షులు లేని గదిలో జరిగిన మరణాలను విడిగా గుర్తుపెట్టుకోండి, మార్పు వచ్చేది అక్కడే. పుస్తకం చదివినవాళ్లు చదవనివాళ్ల ముందు పేజీ తెరవకూడదు. మా చెల్లెలు చదవలేదు, అందుకే నా పుస్తకం దారంతో కట్టి ఉంటుంది.

పుస్తకాన్ని ఎత్తున పెట్టండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన రోజు రేడియో విని అమ్మ బియ్యం బస్తాల వైపు పరుగెత్తింది, నేను అరువు పుస్తకాల వైపు. కొట్టు పుస్తకం, కథ పుస్తకం రెండూ పాలిథిన్ సంచిలో చుట్టి అటక మీదికి విసిరాను. నీళ్లు తీశాక దించి చూస్తే కథ పుస్తకానికి అడుగు అంచు తడిసింది, థియాన్ పేజీలో అతికించిన కాగితం ఊడింది. ఇసుక రాలిపోయేలా ఎండలో పేజీ పేజీ విడదీసి ఆరబెట్టాను. ఆగస్టులో కొత్త సీరియల్ మొదలైతే అదే పుస్తకంలో ఖాళీగా ఉన్న వెనుక పేజీల్లోంచి ఖాతా తెరిచాను.

ఇప్పుడు అందులో తెరిచి ఉన్నవి 14 పేజీలు. పెదనాన్నగారివి మూడు, చెల్లెలు ఫోనులో చెప్పగా నేను రాసినవి నాలుగు, నావి ఏడు. కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్‌కు ముందు రోజు రాత్రి ముగ్గురం కారణాలు చదువుకుని, అడుగున సంతకాలు పెట్టి, పుస్తకం గల్లాపెట్టెలో పెడతాం. తాళంచెవి అమ్మ దగ్గర ఉంటుంది. తను సీరియల్ చూడదు.